దాచడం నేర్పిన ఇల్లు

ప్రశ్న: నా వయసు 35. మాది రాయచోటి దగ్గర పల్లె. బెంగళూరులో మారతహళ్ళిలో ఉంటూ ఔటర్ రింగ్ రోడ్డు మీద ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తున్నాను. నాకు నాలుగేళ్ళప్పుడు అమ్మ ఇంటిపనికి కువైట్ వెళ్ళింది. రెండు మూడేళ్ళకోసారి సెలవు మీద వచ్చి పోయేది. నేను ఇంటర్ చదివేటప్పుడు పూర్తిగా వచ్చేసింది. అప్పటిదాకా నేను అవ్వ దగ్గర, అంటే అమ్మ వాళ్ళమ్మ దగ్గర పెరిగాను. ఏడో తరగతి నుంచి హాస్టల్లో ఉన్నాను. ఆ రోజుల్లో నాన్నకు పక్క ఊరిలో వేరే సంబంధం ఉండేది. అమ్మ ఫోన్ చేసినప్పుడు ఆ మాట ఎత్తవద్దని అవ్వ చెప్పేది. ‘అంత దూరాన ఉండాది, దానికి చెప్పి ఏడిపించొద్దురా’ అనేది. ఈ సంగతి నా భార్యకు ఇప్పటికీ తెలియదు. మాకు పెళ్ళై ఆరేళ్ళయింది, మూడేళ్ళ పాప ఉంది. పోయిన ఏడాది ఎనిమిది నెలల పాటు ఒక సహోద్యోగినితో రాత్రిళ్ళు చాటింగ్ చేశాను, రెండుసార్లు బయట కలిశాను. శారీరక సంబంధం లేదు. నా భార్య అదంతా ఫోన్లో చూసింది. ఆమె బాధపడుతుందనే చెప్పలేదన్నాను. ఆమె ఏడుస్తుంటే నాకేమీ అనిపించదు, లేచి బాల్కనీలోకి వెళ్ళిపోతాను. ఆన్‌లైన్ పరీక్షలో నాది ‘అవాయిడెంట్’, అంటే దగ్గరితనానికి ఎడంగా జరిగే రకమని వచ్చింది. అది చెబితే ‘మీయమ్మ కువైట్‌కు పోయినదానికి అప్పు నేను కట్టాల్నా?’ అంది. నేను ఇలా అవడానికి పెంపకమే కారణమా? మళ్ళీ ఇలాగే చేస్తానా? నా పాపకు కూడా ఇది వస్తుందా?
— పేరు రాయవద్దన్న పాఠకుడు, బెంగళూరు

సమాధానం: మీ శ్రీమతి అడిగిన మాట న్యాయమైనది కనుక ముందు దానికే సమాధానం చెబుతాను: ఆ అప్పు ఆమె కట్టనక్కరలేదు. మీ ప్రవర్తనకు పెంపకంతో సంబంధం లేదని నేను అనడం లేదు. ఉంది, కానీ మీరు చూపిస్తున్న చోట కాదు. మీరు బాల్యమంతా గాలించి, అమ్మ విమానం ఎక్కిన రోజు దగ్గర ఆగిపోయారు. మీ ఉత్తరంలోనే మీరు రెండు వాక్యాల్లో చెప్పి దాటేసిన మరో సంగతి ఉంది, నా దృష్టిలో అసలు విషయం అక్కడే ఉంది. దాని దగ్గరికి వచ్చేముందు, మీ అమ్మగారి మీద పడిన నింద ఎంతవరకు నిలుస్తుందో చూద్దాం.

బిడ్డకు, పెంచినవారికి మధ్య ఏర్పడే అనుబంధం మీద, మీరు చెప్పిన ‘అవాయిడెంట్’ అన్న మాట పుట్టిన, ఇప్పుడు వీడియోల్లో వినిపించే సిద్ధాంతానికి మూలపురుషుడు బ్రిటిష్ మనోవైద్యుడు జాన్ బౌల్బీ. ఆయనను పసితనంలో పెంచింది కన్నతల్లి కన్నా ఎక్కువగా ఒక ఆయా. ఆయనకు ఇంచుమించు నాలుగేళ్ళు వచ్చేసరికి ఆమె ఆ ఇల్లు వదిలి వెళ్ళిపోయింది, ఆ లోటు తల్లిని పోగొట్టుకున్నంత లోటని ఆయన తరువాత చెప్పుకున్నాడు. 1951లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం రాసిన నివేదికలో ఆయన, బిడ్డకు తల్లితోగాని, తల్లి స్థానంలో స్థిరంగా ఉండే మరొకరితోగాని ఆప్యాయమైన, ఎడతెగని సంబంధం ఉండాలని రాశాడు. ఈ రెండో భాగాన్ని వీడియోలు చేసేవారు సాధారణంగా వదిలేస్తారు. ఆయనతో కలిసి పనిచేసిన మేరీ ఐన్స్‌వర్త్ 1950ల నడుమ ఉగాండా పల్లెల్లో 26 కుటుంబాల ఇళ్ళకు వెళ్ళి పసిపిల్లలను గమనించినప్పుడు, వారు తల్లితో పాటు ఇంట్లో తమను చూసుకునే ఇతరులతోనూ అనుబంధం పెంచుకోవడం చూసింది. ఈ లెక్కన మీరు తల్లి లేని పిల్లవాడిగా పెరగలేదు. పదకొండు పన్నెండేళ్ళ వయసు దాకా మీకు అవ్వ ఉంది, అన్నం పెట్టింది, జ్వరం వస్తే పక్కన కూర్చుంది. మీ అమ్మగారు పంపిన డబ్బే మీ హాస్టల్ ఫీజు అయి ఉంటుందన్నది నా ఊహ. కడప, రాయచోటి, రాజంపేట ప్రాంతాల్లో గల్ఫ్ వెళ్ళిన ఆడవాళ్ళ బిడ్డలు ఎందరో ఉన్నారు, వారంతా భార్యలకు తెలియకుండా అర్ధరాత్రి చాటింగ్ చేస్తున్నారని ఎవరూ అనలేరు.

అయితే ఎడబాటు ఏ ముద్రా వేయదని దీని అర్థం కాదు. బౌల్బీ సహచరుడు జేమ్స్ రాబర్ట్‌సన్ ఆస్పత్రుల్లో తల్లికి దూరంగా ఉంచిన పసిపిల్లలను చూసి, వారి తీరులో మూడు దశలను గుర్తించాడు. మొదట బిడ్డ గొంతు పోయేలా ఏడుస్తుంది, తరువాత నీరసపడి దిగులుతో ముడుచుకుంటుంది, చివరికి ఏమీ పట్టనట్టు మారిపోతుంది. ఆ మూడో దశను చూసి పెద్దవాళ్ళు ‘అలవాటు పడింది’ అని ఊపిరి పీల్చుకునేవారు, కానీ తీరా తల్లి వచ్చినప్పుడు అదే బిడ్డ ఆమె వైపు చూడకుండా ముఖం తిప్పుకునేది. కువైట్ నుంచి పెట్టెలు, దుప్పట్లు తీసుకుని అమ్మ ఇంటికి వచ్చిన తొలి రోజున అవ్వ చీర చెంగు చాటున దాక్కున్న పిల్లలు మీ పల్లెలో మీరొక్కరే అయి ఉండరు. ఇలా ముఖం తిప్పుకునే పసిపిల్లల గురించి 1977లో మనస్తత్వ శాస్త్రవేత్తలు అలన్ స్రూఫ్, ఎవరెట్ వాటర్స్ ఒక ముఖ్యమైన విషయం చెప్పారు. తల్లి తిరిగి వచ్చినప్పుడు ఆ పిల్లలు పైకి బొమ్మతో నిశ్చింతగా ఆడుకుంటున్నట్టే కనిపిస్తారు, కానీ గుండె వేగం కొలిచి చూస్తే అది పెరిగి ఉంటుంది.

భార్య ఏడుస్తుంటే ఏమీ అనిపించదని మీరు రాసిన వాక్యాన్ని ఇందుకే నేను పూర్తిగా నమ్మడం లేదు. నిజంగా ఏమీ అనిపించని మనిషి లేచి బాల్కనీలోకి వెళ్ళవలసిన పని లేదు, అక్కడే కూర్చుని టీవీ చూస్తాడు. మీకు ఏదో అనిపిస్తోంది, అది పేరు తెలియని ఇబ్బందిగా ఉంది, దానికి దూరంగా జరగడమే మీకు చిన్నప్పటి నుంచి తెలిసిన ఉపాయం. హాస్టల్లో ఇది ఇంకా గట్టిపడి ఉంటుంది, ఏడిచే పిల్లవాడిని అక్కడ తోటివారు ఏడిపిస్తారు కదా. ఇంతవరకు మీ పెంపకం వాటా ఉందని ఒప్పుకుంటాను. కానీ బాల్కనీలోకి వెళ్ళడం వేరు, అక్కడ నిలబడి మరొకరికి మెసేజ్ పెట్టడం వేరు. మొదటిది అలవాటు కావచ్చు, రెండోది ఎనిమిది నెలల పాటు ప్రతి రాత్రీ మీరు కొత్తగా తీసుకున్న నిర్ణయం.

ఇక ఆ ఆన్‌లైన్ పరీక్ష సంగతి. పెద్దవారి ప్రేమ సంబంధాలకు ఈ అనుబంధ సిద్ధాంతాన్ని మొదట అన్వయించిన సిండీ హేజన్, ఫిలిప్ షేవర్ అమెరికాలోని డెన్వర్ నగరపు ఒక దినపత్రికలో ప్రశ్నావళి వేయించి, 1987లో ఫలితాలు ప్రకటించారు. జవాబు రాసినవారిలో దాదాపు 56 శాతం నిశ్చింతగా దగ్గరయ్యేవారు, 25 శాతం దగ్గరితనానికి ఎడంగా జరిగేవారు, 19 శాతం ఎప్పుడు వదిలేస్తారో అని ఆందోళన పడేవారు. అంటే నూటికి నలభై మందికి పైగా ఏదో ఒక అభద్రత కోవలోకి వచ్చారు. ఆ కోవలో ఉండడమే వేరే సంబంధానికి కారణమైతే నిలిచే కాపురాలు చాలా తక్కువగా ఉండాలి. ఎడంగా జరిగేవారి చూపు ఇతరుల మీదికి ఎక్కువగా పోతుందని, వారిలో విశ్వాసఘాతం ఎక్కువని, సంబంధానికి కట్టుబడే గుణం తక్కువగా ఉండడమే అందుకు కారణమని నేథన్ డివాల్ బృందం 2011లో చూపించిన మాట నిజమే. కానీ ఆ అధ్యయనాల్లో పాల్గొన్నవారు ఎక్కువగా ప్రేమలో ఉన్న కాలేజీ యువత. రెండేళ్ళ తరువాత మరో బృందం కొత్తగా పెళ్ళయిన దంపతుల మీద అదే ప్రశ్న వేసి చూస్తే, ఎడంగా జరిగే గుణానికి, దాంపత్యంలో తప్పటడుగుకు సంబంధం కనిపించలేదు, వదిలేస్తారేమోనన్న ఆందోళనకే సంబంధం కనిపించింది. కాబట్టి పదిహేను ప్రశ్నలకు టిక్కు పెట్టి తెచ్చుకున్న ఒక మాటను భార్య ముందు డాక్టర్ సర్టిఫికెట్‌లా పెట్టడం శాస్త్రం ప్రకారం కూడా నిలవదు.

ఇప్పుడు మీరు దాటేసిన చోటికి వద్దాం. మీ నాన్నగారి సంగతి ఊరందరికీ తెలుసో తెలియదో గాని, మీకు తెలుసు, అవ్వకు తెలుసు, కువైట్ నుంచి వచ్చే ఫోన్ దగ్గర మాత్రం ఆ మాట ఉండదు. ఆ ఫోన్ పట్టుకుని ‘నాన్న బాగున్నాడు’ అని చెప్పిన పిల్లవాడు మీరే. పిల్లలకు అబద్ధం ఆడవద్దని చెప్పే ఇంట్లోనే, ఒక్క విషయంలో అబద్ధమే ప్రేమ అని, చెప్పకపోవడమే అమ్మను కాపాడడమని మీకు తెలిసింది. అవ్వను తప్పుపట్టలేం. ఆమె అల్లుడి మీద కోపాన్ని మింగి, ఎడారి దేశంలో పరాయి ఇంట్లో పనిచేస్తున్న కూతురు రాత్రిపూట నిద్రపోవాలని కోరుకుంది. అయినా ఆమె ఉద్దేశం ఎంత మంచిదైనా, మీకు అబ్బిన పాఠం మాత్రం ఆ పాఠమే. ముప్పై ఏళ్ళ తరువాత మీ భార్య ముందు మీరు అన్న మాట వినండి: ఆమె బాధపడుతుందనే చెప్పలేదు. అది మీ అవ్వ మాట. తేడా ఒక్కటే, అవ్వ ఇంకొకరి తప్పును దాచింది, మీరు మీ తప్పును దాచుకున్నారు.

ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా అని మనవాళ్ళు అంటారు. తల్లిదండ్రుల్లో ఒకరు దారి తప్పిన సంగతి తెలిసి పెరిగినవారిలో ఆ పని చేసేవారు మిగతావారి కన్నా ఎక్కువగా ఉంటారని పరిశోధనలు కూడా చెబుతున్నాయి. కానీ ఆ సామెతలో దూడకు చూడడం, మేయడం తప్ప వేరే పని లేదు. మనిషి బిడ్డ చూసిన దాని నుంచి ఒక అర్థం తీసుకుంటాడు. ఒకే తండ్రి చేసిన పనిని చూసి ఒక కొడుకు ‘నేను మాత్రం అమ్మలాంటి మరొక ఆడదాన్ని ఏడిపించను’ అనుకుంటాడు, మరొకడు ‘ఇల్లు కూలిపోలేదు కదా, బయటపడకుండా ఉంటే చాలు’ అనుకుంటాడు. మీరు ఇందులో ఏది తీసుకున్నారో మీరే తేల్చుకోవాలి. నాకైతే, నాన్నలా కాకూడదని మీరు గట్టిగా అనుకుంటూనే, బయటపడకపోతే ఎవరికీ నష్టం లేదన్న రెండో భాగాన్ని కూడా వెంట తెచ్చుకున్నారని అనిపిస్తోంది. శారీరక సంబంధం లేదని మీరు నొక్కి చెప్పడంలోనూ ఆ ధోరణి ఉంది. చట్టం కొలత అదే, నిజమే. అక్రమ సంబంధాన్ని నేరంగా చూసిన 497వ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2018లో కొట్టివేసింది, విడాకులకు కారణంగా మిగిలిన వ్యభిచారానికి కూడా శారీరక సంబంధం ఉండాలి. కానీ మీ శ్రీమతి న్యాయమూర్తిగా ఆ ఫోన్ చూడలేదు. ఎనిమిది నెలల పాటు పక్కన పడుకున్న మనిషికి తాను ఎరగని మరో సాయంకాలం ఉందని ఆమె చూసింది.

ఇంత జరిగాక కూడా నాన్నగారి విషయం ఆమెకు తెలియదని మీరు మామూలుగా రాశారు. పెళ్ళిచూపుల నాడు ఎవరూ చెప్పి ఉండరు, వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చేయమన్న లోకం మనది. ఆ తరువాత ఆరేళ్ళు గడిచాయి. మీరు మీ గతాన్ని కారణంగా చూపిస్తూనే, అందులో అమ్మ భాగాన్ని చూపించి నాన్న భాగాన్ని దాచారు. దూరాన కష్టపడిన ఆవిడ మీద నింద వేయడం మీకు తేలికైంది, ఇంట్లో ఉండి ఇల్లు దాటిన ఆయన పేరు ఎత్తడం కష్టమైంది. మీ శ్రీమతికి అత్తగారి మీద కోపం రావడానికి మీరే దారి వేశారు, దాన్ని ముందు సరిచేయండి.

ఎలా చెప్పాలన్న దానికి నా సలహా ఇది. మొదట జరిగింది చెప్పండి: ఎప్పుడు మొదలైంది, ఎవరు, ఎక్కడ కలిశారు, ఎప్పుడు ఆగింది, ఇప్పుడు ఆ మనిషితో ఆఫీసులో ఎంతవరకు మాట్లాడవలసి వస్తుంది. ఈ రోజు కొంత, పట్టుబడితే రేపు కొంత చెప్పే పద్ధతి వద్దు. ప్రతి కొత్త విడత ఆమెను మళ్ళీ మొదటి రోజుకే తీసుకుపోతుంది. ఆమె అడగని ముచ్చట్లను, ఆ సహోద్యోగిని ఎలా నవ్వేది, ఏమనేది లాంటి వాటిని మీ మనసు తేలికపడడానికి ఆమె మీద కుమ్మరించవద్దు. ఆమె ఏడిస్తే అక్కడే కూర్చోండి. ఊపిరాడనంత ఇబ్బందిగా ఉంటే ‘నాకు కష్టంగా ఉంది, పది నిమిషాల్లో వస్తాను’ అని చెప్పి వెళ్ళి, పది నిమిషాల్లో నిజంగా తిరిగి రండి, ఫోన్ లోపలే వదిలి వెళ్ళండి. బాల్యం గురించి ఆమె అడిగినప్పుడు మాత్రమే చెప్పండి, అప్పుడు నాన్నగారితో మొదలుపెట్టండి. ఆమె నమ్మడానికి నెలలు పట్టవచ్చు, నమ్మకపోవచ్చు కూడా. ‘ఇంకా ఎన్నాళ్ళు?’ అని అడిగే హక్కు మీకు లేదు. ఇదంతా విన్నాక మీ అమ్మగారికి కూడా పాత సంగతి చెప్పేయాలని మీకు అనిపించవచ్చు. ఆ పని చేయకండి. తిరిగి వచ్చి ఇన్నేళ్ళుగా ఆ ఊళ్ళో ఉన్న మనిషికి తెలియకుండా ఉండే అవకాశం తక్కువ, తెలిసీ ఆమె ఎంచుకున్న మౌనాన్ని మీ ఊరట కోసం తెరవడం న్యాయం కాదు.

మళ్ళీ చేస్తారా అన్నదానికి జవాబు మీ జాతకంలోనూ లేదు, మీ ‘రకం’లోనూ లేదు. చిన్నప్పటి అనుబంధం పెద్దయ్యాక అలాగే ఉండిపోతుందన్న నమ్మకాన్ని దశాబ్దాల పాటు పిల్లలను వెంబడించి చేసిన అధ్యయనాలు బలపరచలేదు, ఆ రెంటి మధ్య పోలిక ఒక మోస్తరుగానే దొరికింది. మేరీ మెయిన్, ఆమె సహచరులు 1980లలో రూపొందించిన ఒక సుదీర్ఘ ముఖాముఖి ఉంది. పెద్దవారిని వారి బాల్యం గురించి అడిగి, శిక్షణ పొందినవారు ఆ జవాబులను విశ్లేషిస్తారు. అందులో వారు చూసేది బాల్యం సుఖంగా గడిచిందా లేదా అన్నది కాదు. ఆ మనిషి తన గతాన్ని పొంతనతో, ఎవరినీ దేవతను చేయకుండా, ఎవరినీ రాక్షసుణ్ణి చేయకుండా, తప్పించుకోకుండా చెప్పగలుగుతున్నాడా అన్నది చూస్తారు. కష్టమైన బాల్యం ఉండి కూడా అలా చెప్పగలిగినవారిని భద్రత సంపాదించుకున్నవారిగా లెక్కిస్తారు. మీ ఉత్తరంలో అవ్వ కథ నిండుగా ఉంది, అమ్మ కథ సగం ఉంది, నాన్న కథ రెండు వాక్యాల్లో ముగిసింది. మీరు పని చేయవలసింది ఆ మూడో భాగం మీద.

మీ పాప విషయం కూడా ఇక్కడే ముడిపడి ఉంది. తల్లిదండ్రులు ఆ ముఖాముఖిలో తమ బాల్యాన్ని చెప్పుకున్న తీరుకు, వారి పసిబిడ్డకు వారితో ఉన్న అనుబంధానికి నాలుగింట మూడు వంతుల సందర్భాల్లో పొంతన కుదిరిందని, అప్పటివరకు జరిగిన అధ్యయనాలను కలిపి చూసిన వాన్ ఐజెన్‌డోర్న్ 1995లో తేల్చాడు. మీ బాల్యంలో ఏం జరిగిందన్నది ఇక మారదు గాని, దాన్ని మీరు చెప్పుకునే తీరు మారగలదు, పాపకు చేరేది అది. మూడేళ్ళ పిల్లకు మీ గొడవ వివరాలు చెప్పనక్కరలేదు. ‘అమ్మకు, నాన్నకు మధ్య కోపం వచ్చింది, నీ మీద కాదు’ అంటే సరిపోతుంది. మీ దగ్గర నుంచి వాళ్ళమ్మ దగ్గరికి పాపతో మాటలు మోయించవద్దు, ఐస్‌క్రీమ్ కొనిపెట్టి సరదాకైనా ‘అమ్మకు చెప్పకు’ అనవద్దు. ఈ చివరిది మీకు చిన్న విషయంగా కనిపించవచ్చు, మీ ఇంటికి మాత్రం అది చిన్నది కాదు.

సహాయం దొరకని ఊళ్ళో మీరు లేరు. హోసూరు రోడ్డులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో కుటుంబాలకు, దంపతులకు కౌన్సెలింగ్ ఇచ్చే ప్రత్యేక విభాగం ఉంది, బీటీఎం లేఅవుట్‌లో వారి వెల్‌బీయింగ్ కేంద్రం ఉంది. తెలుగులో మాట్లాడాలనుకుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. మొదట మీరొక్కరే వెళ్ళండి. ఆమెను కూడా రమ్మని ఒకసారి అడగండి, రానంటే మళ్ళీ అడగవద్దు. అక్కడికి వెళ్ళేది ‘అవాయిడెంట్’ అన్న మాటను కాగితం మీద రాయించుకు రావడానికి కాదని ఆమెకు ముందే తెలియాలి.

ఒకవేళ ఆమె కొంతకాలం విడిగా ఉంటానంటే, పెద్దవాళ్ళను పిలిచి పంచాయతీ పెట్టి ఒత్తిడి చేయకండి. ఇంటి అద్దె ఎవరు కడతారు, పాప ప్లేస్కూల్ మారకుండా ఎలా చూడాలి, వారంలో ఏ రోజులు మీ దగ్గర ఉంటుంది అన్న విషయాలను ఇద్దరూ కూర్చుని రాసుకోండి. ఊళ్ళో వాళ్ళు అడిగితే ఏం చెప్పాలో కూడా ఆమెనే అడగండి. ఆమె ఏది చెప్పమంటే అదే మీ అమ్మగారికీ చెప్పండి, ‘ఆఫీసులో సెలవు దొరకలేదు’ అని మాత్రం చెప్పకండి.